లేఅవుట్‌లో ఒక వ్యూపోర్ట్ మీద ఇంకోటి పడుతోంది, కింది గీతలు కనబడకుండా చేయడం ఎలా?

కొత్త డ్రాఫ్ట్స్‌మన్:
ఆటోక్యాడ్‌లో ఏ3 షీట్ వేస్తున్నాను. పెద్ద వ్యూపోర్ట్‌లో (డ్రాయింగ్‌ని ఒక స్కేల్‌లో షీట్ మీద చూపే కిటికీ) 24 బై 20 మీటర్ల సైట్, 1:100 స్కేల్. బిల్డింగ్ ఎల్ ఆకారంలో ఉంది, ఆ ఖాళీ మూలలో టాయిలెట్ డిటైల్ 1:20లో పెట్టమన్నారు సార్. టైటిల్ బ్లాక్ పోను షీట్‌లో ఇంకెక్కడా చోటు లేదు. చిన్న వ్యూపోర్ట్ అక్కడ పెడితే పార్కింగ్ గీతలు, గ్రిడ్ బబుల్స్ (గ్రిడ్ లైన్ల నంబర్లుండే గుండ్రాలు) అన్నీ టైల్స్ మీదుగా కనిపిస్తున్నాయి. పైగా చిన్నదాంట్లోకి వెళ్దామని డబుల్ క్లిక్ చేస్తే పెద్దదే యాక్టివ్ అవుతోంది. రేపు ప్రింట్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

పాత స్కేలు:
తమ్ముడూ, వ్యూపోర్ట్ అంటే గాజు పలక లాంటిది, పైన పెట్టినంత మాత్రాన కిందది దాగదు. కాబట్టి కప్పే ప్రయత్నం మానేసి పెద్దదాని ఆకారమే మార్చు. పేపర్ స్పేస్‌లో, అంటే లేఅవుట్ కాగితం మీదే ఉండి, డిటైల్‌కి కావలసిన మూల వదిలేసి ఎల్ ఆకారంలో ఒక క్లోజ్డ్ పాలీలైన్ (మొదలూ చివరా కలిసిన ఒకే గీత) గియ్యి. వీపీక్లిప్ కమాండ్ ఇచ్చి ముందు పెద్ద వ్యూపోర్ట్, తర్వాత ఆ పాలీలైన్ సెలెక్ట్ చెయ్యి, అంతే. నీ టాయిలెట్ 1.5 బై 2.4 మీటర్లు అనుకుంటే 1:20లో కాగితం మీద 75 బై 120 మిల్లీమీటర్లు వస్తుంది, కొలతలకి చుట్టూ ఇంకో 15 వదిలి కోసుకో. తర్వాత అటూ ఇటూ జరపాలంటే గ్రిప్స్ (సెలెక్ట్ చేస్తే మూలల్లో కనిపించే చిన్న చదరాలు) పట్టుకుని లాగొచ్చు, మళ్ళీ గీయక్కర్లేదు.

లోపలికి వెళ్ళడానికి ముందు ఏదో ఒక వ్యూపోర్ట్‌లో డబుల్ క్లిక్ చేసి, ఆపైన కంట్రోల్ ఆర్ నొక్కుతూ పో, ఒకదాని తర్వాత ఒకటి యాక్టివ్ అవుతాయి. స్కేల్ సెట్ అవగానే రెండింటికీ డిస్‌ప్లే లాక్ పెట్టేయ్, లేకపోతే మౌస్ వీల్ తిప్పగానే 1:20 కాస్తా ఏదో అయిపోతుంది.

సెక్షన్ సుబ్బు:
అన్న చెప్పింది కరెక్టే గానీ అడ్డొస్తున్నవి గ్రిడ్, పార్కింగ్ లేయర్లే అయితే, అవి ఆ షీట్‌లో అసలు అక్కర్లేకపోతే, పెద్ద వ్యూపోర్ట్‌ని యాక్టివ్ చేసి లేయర్ మేనేజర్‌లో వీపీ ఫ్రీజ్ కాలమ్ నొక్కితే చాలు, ఆ ఒక్క వ్యూపోర్ట్‌లోనే పోతాయి. వైపౌట్ (కింది గీతల్ని దాచే ఖాళీ ముసుగు) పెట్టి మూసేద్దామని మాత్రం చూడకండి. మామూలుగా పేపర్ స్పేస్‌లోవి ముందు ప్లాట్ అవుతాయి, వ్యూపోర్ట్‌లో కనిపించే మోడల్, అంటే అసలు డ్రాయింగ్, తర్వాత, ఆ వరుస మార్చడానికి ప్లాట్ సెట్టింగ్స్‌లో వేరే ఆప్షన్ ఉంది, స్క్రీన్ మీద కనిపించిందే ప్రింట్‌లో వస్తుందన్న నమ్మకం లేదు.

కొత్త డ్రాఫ్ట్స్‌మన్:
సుబ్బు గారూ, గ్రిడ్ కావాలన్నారు, అందుకే వీపీక్లిప్ చేశాను, బాగా వచ్చింది అన్నా, థాంక్స్. ఇప్పుడు ఎల్ ఆకారం బోర్డర్ ప్రింట్‌లో రాకూడదు, ఆ పాలీలైన్ లేయర్ ఫ్రీజ్ చేయనా?

పాత స్కేలు:
వద్దు వద్దు! క్లిప్ చేసిన బోర్డర్ ఉన్న లేయర్ ఫ్రీజ్ చేస్తే క్లిప్పే పోయి మళ్ళీ పూర్తి దీర్ఘచతురస్రం వచ్చేస్తుంది. ఆఫ్ చేస్తే క్లిప్ అలాగే ఉంటుంది. అసలు వ్యూపోర్ట్‌ల కోసం విడిగా ఒక లేయర్ పెట్టి, దానికి నో ప్లాట్ ఇచ్చి వదిలేయ్, స్క్రీన్ మీద కనబడుతుంది, కాగితం మీదకి రాదు.

ఎప్పుడైనా డిటైల్ మూలలో కాకుండా ప్లాన్ నడిమధ్యలోనే పెట్టాల్సి వస్తే, పాలీలైన్ కన్నా రీజియన్ (లోపల నిండుగా ఉండే ఆకారం) తేలిక. రెండు రీజియన్లు చేసి, పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని సబ్‌ట్రాక్ట్ చేసి, మధ్యలో రంధ్రం ఉన్న ఆ రీజియన్‌ని ఎంవ్యూ (వ్యూపోర్ట్ తయారుచేసే కమాండ్)లో ఆబ్జెక్ట్ ఆప్షన్‌తో వ్యూపోర్ట్‌గా మార్చుకో.