లీజు బెంజి సర్వీసు: 9 వేలే తిరిగింది, ఆగొచ్చా?

మాది కావలి. ఆఫీసు లీజు బెంజి, 11 నెలలైంది. తిరిగింది 9 వేల కిలోమీటర్లే. బండి స్టార్ట్ చేస్తే చాలు, స్క్రీన్ మీద సర్వీసు గుర్తు. సర్వీసుకు చెన్నై పోయొస్తే ఒక రోజు పోయినట్టే. ఇక్కడే ఆయిల్ మార్పిస్తే సరిపోదా అన్నా?

నెల్లూరు నుంచి: వద్దన్నా. కిలోమీటర్లా, ఏడాదా, ఏది ముందొస్తే అదే లెక్క. బండి మనది కాదు కదా! నేను రెండు నెలలు లేటు చేశా. తిరిగిచ్చేటప్పుడు సర్వీసు రికార్డులో ఆ ఖాళీ మీద వేలు పెట్టి చూపించి మరీ డిపాజిట్లో కోశారు.

ఒంగోలు నుంచి: షెడ్డులో ఉన్నా బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది. రెండేళ్లకు అదీ మార్చాలి. ముందు లీజు కాగితం చదవండి, సర్వీసు ఖర్చు అందులోనే ఉందేమో.

కావలి: ఉందన్నా, నాలుగో పేజీలో! శుక్రవారం తెల్లారే బయల్దేరతా. సూళ్లూరుపేటలో టిఫిన్.