టెక్సాస్‌లో లైసెన్స్ లేకుండానే పిస్టల్ మోయొచ్చు కదా, మరి ఎల్‌టీసీ ఎందుకు?

గోదారోడు_డల్లాస్:
గ్రీన్ కార్డ్ వచ్చాక మొదటిసారి పిస్టల్ కొనాలనుకునే మనవాళ్ళ కోసం ఈ చర్చ. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో హౌస్ బిల్ 1927 అమల్లో ఉంది. 21 ఏళ్ళు నిండి, చట్టం నిషేధించనివాళ్ళు ఎవరైనా లైసెన్స్ లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకుని తిరగొచ్చు. బయటికి కనబడేలా పెట్టుకుంటే హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో) ఉండాలి, అంతే. అలాంటప్పుడు డీపీఎస్‌కి (రాష్ట్ర ప్రజా భద్రతా శాఖకి) 40 డాలర్లు కట్టి, వేలిముద్రలిచ్చి, నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు విని, రాత పరీక్ష రాసి, 50 తూటాలు కాల్చి చూపించి ఎల్‌టీసీ, అంటే పిస్టల్ మోసే లైసెన్స్ (లైసెన్స్ టు క్యారీ), తెచ్చుకోవడం దండగ అన్నది నా వాదన. హక్కు చేతిలో ఉండగా మళ్ళీ దానికో కార్డు దేనికి? కాదనేవాళ్ళు కారణాలతో చెప్పండి.

ప్లానో_పంతులు:
ఆ హక్కు ఇచ్చింది రాష్ట్రం, గోదారోడు గారూ. ఫెడరల్ ప్రభుత్వం కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఫెడరల్ గన్ ఫ్రీ స్కూల్ జోన్స్ చట్టం 1990 నాటిది. శాన్ ఆంటోనియో హైస్కూల్ విద్యార్థి మీద పెట్టిన లోపెజ్ కేసులో 1995లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 1996లో కాంగ్రెస్ సవరించి మళ్ళీ తెచ్చింది, అదే ఇప్పటికీ నడుస్తోంది. బడి ఆవరణ హద్దు నుంచి 1000 అడుగుల లోపల తుపాకీ ఉంటే నేరం, ఐదేళ్ళ దాకా జైలు. ప్రైవేటు స్థలానికి వర్తించదు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి పనికొచ్చే మినహాయింపులు రెండు: తూటాలు తీసేసి తాళం వేసిన పెట్టెలో పెట్టుకోవడం, లేదా ఆ బడి ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రమే ఇచ్చిన లైసెన్స్ ఉండటం. "మా రాష్ట్రంలో లైసెన్స్ అక్కర్లేదు" అనేది ఈ రెండిట్లో దేని కిందకీ రాదు. డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కో మ్యాప్ తీసుకుని ప్రతి బడి చుట్టూ 1000 అడుగుల గీత గీయండి. కిరాణా కొట్టుకి వెళ్ళొచ్చేలోపు ఎన్ని గీతలు దాటాలో మీకే కనబడుతుంది.

రెండోది ఇంకా పెద్దది. ఇమ్మిగ్రేషన్ చట్టం 237వ సెక్షన్ ప్రకారం తుపాకీ కొనడం, ఉంచుకోవడం, మోయడం మీద ఉన్న ఏ చట్టాన్ని మీరినందుకు శిక్ష పడినా, పౌరసత్వం లేని మనిషిని దేశం నుంచి పంపేయొచ్చు. అది పెద్ద నేరమే అయ్యుండాలన్న షరతు లేదు. పౌరుడైతే జరిమానా కట్టి ఇంటికెళ్ళే తప్పుకి గ్రీన్ కార్డ్ మనిషి ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు నిలబడాల్సి రావచ్చు. పిల్లల చదువు, ఇంటి అప్పు, పదేళ్ళు ఎదురుచూసిన కార్డు అన్నీ పణంగా పెట్టి 40 డాలర్లు మిగుల్చుకుంటామా?

గోదారోడు_డల్లాస్:
ఇమ్మిగ్రేషన్ మాట ఒప్పుకుంటాను. కానీ వేరే ఏ గొడవా లేకుండా, స్కూల్ జోన్ సెక్షన్ ఒక్కటే పెట్టి మామూలు మనిషిని కోర్టుకి లాగడం అరుదు. పైగా ఎల్‌టీసీ ఉంటే దేశమంతా తిరగొచ్చన్న భ్రమ ఒకటి మొదలవుతుంది.

ప్లానో_పంతులు:
అరుదే. అయితే ఇంకేదో చిన్న విషయంలో ఆపినప్పుడు పక్కన చేరే అభియోగం అదే అవుతుంది. రెండో మాట మాత్రం నిజం. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా టెక్సాస్ లైసెన్సును గుర్తించవు. న్యూజెర్సీ ఎడిసన్‌లో చుట్టాలింటికి కారులో వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఓక్లహోమాలో మోయొచ్చు గానీ, అక్కడి బడుల దగ్గర టెక్సాస్ కార్డు ఫెడరల్ మినహాయింపు ఇవ్వదు.

తుపాకీ లోపలికి తేవద్దని దుకాణాలూ ఆఫీసులూ పెట్టే బోర్డుల సంగతి కూడా చూడండి, వాటి నంబర్లు టెక్సాస్ పీనల్ కోడ్ సెక్షన్లవి. ఎల్‌టీసీ లేనివాళ్ళని ఆపడానికి 30.05 బోర్డు చాలు. ఎల్‌టీసీ ఉండి దుస్తుల కింద దాచి మోసేవాళ్ళని ఆపాలంటే 30.06, బయటికి కనబడేలా మోసేవాళ్ళకి 30.07 పెట్టాలి. ఆ రెండూ ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, అంగుళం ఎత్తు అక్షరాలతో, చట్టంలో ఉన్న మాటలతోనే ఉండాలి. రాబడిలో 51 శాతం, ఆపైన అక్కడే కూర్చుని తాగే మద్యానిదే అయిన చోట ఎర్రటి 51 బోర్డు ఉంటుంది, అక్కడ లైసెన్స్ ఉన్నా లోపలికి తీసుకెళ్ళకూడదు. గుళ్ళు కూడా ఈ బోర్డులు పెట్టుకోవచ్చు. పండగ రద్దీలో ద్వారం పక్కన బోర్డు చూడకుండా దూరిపోవడం మనవాళ్ళు సులువుగా చేసే పొరపాటు. బయోమెట్రిక్స్‌కో ఇంటర్వ్యూకో యూఎస్‌సీఐఎస్ (ఇమ్మిగ్రేషన్) ఆఫీసుకి వెళ్తే, అది ఫెడరల్ కార్యాలయం. అక్కడ ఎల్‌టీసీకి విలువ లేదు.

విమానాశ్రయం దగ్గర తేడా మరీ స్పష్టం. పొరపాటున బ్యాగులో పిస్టల్‌తో చెకింగ్ దాకా వెళ్తే, ఎల్‌టీసీ ఉన్న మనిషికి పోలీసు ఆ సంగతి చెప్పి వెంటనే బయటికి వెళ్ళే అవకాశం ఇవ్వాలని టెక్సాస్ చట్టంలో ఉంది. లైసెన్స్ లేనివాళ్ళకి ఆ రక్షణ లేదు. టీఎస్‌ఏ (విమానాశ్రయ భద్రతా సంస్థ) వేసే వేల డాలర్ల జరిమానా మాత్రం ఎవరికైనా ఒకటే. దేశంలో ఇలాంటివి బాగా ఎక్కువ దొరికే విమానాశ్రయాల్లో మన డీఎఫ్‌డబ్ల్యూ (డల్లాస్-ఫోర్ట్ వర్త్) ఒకటి.

కర్నూలు_కొండ:
మీరిద్దరూ ఎలా మోయాలన్న దాని మీదే ఉన్నారు. అసలు ఇంట్లోకి తేవాలా అన్నది ముందు తేల్చాలి గదా. 2021లో అమెరికాలో తుపాకులతో పోయిన ప్రాణాలు 48,830. అందులో 26,328 ఆత్మహత్యలు, అంటే సగానికి పైనే. కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మందిని 2004 నుంచి 2016 దాకా గమనించిన అధ్యయనం 2020లో వచ్చింది. పిస్టల్ ఉన్న మగవాళ్ళు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే అవకాశం లేనివాళ్ళ కన్నా సుమారు 8 రెట్లు, ఆడవాళ్ళలో 35 రెట్లు. ఉద్యోగం పోయి, వీసా గడువు తరుముతూ, మనసు విప్పి చెప్పుకునే మనిషి పక్కన లేని ఇళ్ళు మనలో తక్కువేం కాదు. బంగారం కోసం దొంగలు వస్తారని తెచ్చిన తుపాకీకి ఎక్కువ దగ్గరగా ఉండేది ఇంటి మనిషే. బంగారాన్ని బ్యాంకు లాకర్లో పెట్టి, తలుపుకి మంచి బోల్ట్, నాలుగు కెమెరాలు పెట్టుకుంటే సరిపోతుంది.

రేంజ్_మాస్టారు:
కొండ గారు చెప్పిన లెక్క నిజం, దాన్ని పక్కకి నెట్టి మాట్లాడేవాళ్ళ దగ్గర శిక్షణ తీసుకోవద్దు. ఇంట్లో ఎవరి మనసైనా బాగోలేదని అనిపించిన రోజునే తుపాకీ ఆ ఇంటి నుంచి కదలాలి. దాచమని మీరు ఎవరికిస్తారో ఆ స్నేహితుడు హెచ్-1బీ మీద ఉంటే అది మళ్ళీ ఇంకో నేరం, కాబట్టి ఎవరికివ్వాలో ముందే అనుకోండి. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవాళ్ళకి సాయం చేసే 988కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు.

తేవాలనే నిర్ణయించుకుంటే, తప్పులు మొదటి పిస్టల్ ఎంపికలోనే మొదలవుతాయి. దాచుకోవడానికి వీలని సిగ్ పీ365 లాంటి బుల్లిదో, ఐదు తూటాల రివాల్వరో కొనేస్తారు. బరువు తగ్గేకొద్దీ తన్ను (పేలినప్పుడు చేతిని వెనక్కి కొట్టే దెబ్బ) పెరుగుతుంది. పిడి పొట్టిదైతే చిటికెన వేలికి పట్టు దొరకదు. రెండు డబ్బాలు కాల్చేసరికి చెయ్యి భయం నేర్చుకుంటుంది: పేలకముందే కళ్ళు మూసుకోవడం, గొట్టం కిందికి తోయడం. ఆ అలవాటు ఒకసారి పడితే వదిలించడానికి నెలలు పడుతుంది. గ్లాక్ 19 కొలత, అంటే 9 ఎంఎం, 4 అంగుళాల గొట్టం, 15 తూటాల మేగజీన్ (పిడిలోకి దూర్చే తూటాల అర), మొదటిదానికి సరిగ్గా సరిపోతుంది. కొనేముందు రేంజ్‌లో (కాల్పుల సాధన చేసే చోట) అద్దెకి తీసుకుని రెండు మూడు రకాలతో తలా 50 తూటాలు కాల్చండి.

పిస్టల్‌లోంచి తూటాలు ఖాళీ చేసే వరుస ప్రాణంతో సమానం. ముందు మేగజీన్ దింపాలి, తర్వాతే స్లయిడ్ (పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగం) లాగాలి. తిరగేస్తే ఏమవుతుందంటే, స్లయిడ్ లాగగానే ఛాంబర్‌లోది (గొట్టం వెనక పేలడానికి సిద్ధంగా ఉన్న తూటా) బయట పడుతుంది, వదలగానే మేగజీన్‌లో పైనున్నది లోపలికెక్కుతుంది. ఆ తర్వాత మేగజీన్ తీసి, ఖాళీ అయిందనుకుంటారు. గ్లాక్‌ని శుభ్రం చేయడానికి విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కాలి. ఆ మిగిలిన ఒక్కటీ అక్కడే పేలుతుంది. మేగజీన్ తీశాక స్లయిడ్‌ని వెనక్కి లాక్ చేసి, ఛాంబర్‌ని కంటితో చూసి, వేలితో తడిమి, మళ్ళీ ఒకసారి చూడండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు.

తప్పులు జరిగే ఇంకో చోటు హోల్‌స్టర్. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి కైడెక్స్ ప్లాస్టిక్‌దే తీసుకోండి. మెత్తటి గుడ్డవి వంగి ట్రిగ్గర్ మీదికి వస్తాయి. చొక్కా అంచు, జాకెట్ తాడు లోపలికి ఇరుక్కుని ట్రిగ్గర్‌ని లాగడం వల్లే తొడల్లో తూటాలు దిగేది. తీయడంలో వేగం ఉండొచ్చు గానీ, తిరిగి పెట్టడంలో తొందర వద్దు. బట్ట పక్కకి తీసి, చూస్తూ, నెమ్మదిగా.

ఎల్‌టీసీ కాల్పుల పరీక్ష గురించి: 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10 తూటాలు. 250కి 175 వస్తే పాస్. ఇది కనీస అర్హత మాత్రమే. హోల్‌స్టర్‌లోంచి తీయడం, ఇరుక్కున్న తూటాని తొలగించడం, అసలు తీయకూడని సందర్భం గుర్తించడం ఆ పరీక్షలో లేవు. అందుకే లైసెన్స్ ఉందా లేదా అన్న ప్రశ్న కన్నా, ఏడాదికి ఎన్నిసార్లు సాధన చేస్తారన్నది నాకు ముఖ్యం.

సిరి_ఆస్టిన్:
మాస్టారూ, రెండు ప్రశ్నలండీ. స్లయిడ్ లాగడం ఆడవాళ్ళకి కష్టమని రివాల్వర్ చేతిలో పెట్టేస్తుంటారు, అది సరైన సలహానా? హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోవడం సంగతేంటి?

రేంజ్_మాస్టారు:
సరైన సలహా కాదమ్మా. చిన్న రివాల్వర్ ట్రిగ్గర్ బరువెక్కువ, తన్నూ ఎక్కువ, గురి కుదరడం అన్నిటికన్నా కష్టం. స్లయిడ్‌కి కావాల్సింది బలం కాదు, పద్ధతి. తుపాకీని ఒంటికి దగ్గరగా పట్టి, పై చేత్తో స్లయిడ్‌ని గట్టిగా పట్టుకుని కదలకుండా ఉంచి, పిడి ఉన్న చేతిని ముందుకి తోయాలి. అప్పటికీ కాకపోతే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ లాంటి తేలికపాటి స్ప్రింగ్ ఉన్నవి ఉన్నాయి. పట్టు వదులుగా ఉంటే పేలిన తూటా ఖాళీ తొడుగు బయటికి పూర్తిగా పోక స్లయిడ్‌లో నిలువుగా ఇరుక్కుంటుంది. అప్పుడు తుపాకీని తిట్టకుండా మణికట్టు బిగించండి.

హ్యాండ్‌బ్యాగ్ నాకు ఇష్టం లేదు. బ్యాగు లాక్కుంటే తుపాకీ దొంగదే. షాపింగ్ కార్ట్‌లో పెట్టిన బ్యాగులో పసిపిల్లల చెయ్యి పడుతుంది. తప్పదంటే వేరే జిప్పు అర, అందులో గట్టి హోల్‌స్టర్, ఆ అరలో తాళాలూ పెన్నూ ఏవీ ఉండకూడదు, బ్యాగు భుజం దిగకూడదు.

కర్నూలు_కొండ:
పిల్లల మాట వచ్చింది కాబట్టి చట్టం కూడా చెప్పండి.

ప్లానో_పంతులు:
టెక్సాస్ పీనల్ కోడ్ 46.13. పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ 17 ఏళ్ళ లోపు పిల్లలకి అందేలా అజాగ్రత్తగా వదిలి, అది వాళ్ళ చేతికి చిక్కితే క్లాస్ సీ (చిన్న) నేరం. పిల్లలు పేల్చి ఎవరైనా చనిపోయినా, తీవ్రంగా గాయపడినా అంతకన్నా పెద్దదైన క్లాస్ ఏ నేరం. సేఫ్ కొనేటప్పుడు వేలిముద్రది ఒక్కటే నమ్ముకోవద్దు. 2023 అక్టోబరులో దాదాపు 61,000 బయోమెట్రిక్ సేఫ్‌లను రీకాల్ చేశారు. వేలిముద్ర నమోదైందనుకున్న సేఫ్ ఎవరి వేలు పెట్టినా తెరుచుకునేది. నొక్కే మీటలున్న మెకానికల్ లాక్‌కి బ్యాటరీ గొడవ కూడా లేదు. కొన్నాక ఇంట్లో అందరి వేళ్ళతోనూ ప్రయత్నించి చూడండి.

ఇండియా నుంచి బీ-2 (సందర్శక వీసా) మీద వచ్చే అమ్మానాన్నలకి సేఫ్ తెరిచే కోడ్ చెప్పొద్దు. నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీదున్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. సరదాకి రేంజ్‌కి తీసుకెళ్ళి నాన్నగారి చేత కాల్పించి ఫొటో పెట్టడం కూడా ఇందులోకే వస్తుంది.

ఖమ్మం_కిరణ్:
హంటింగ్ లైసెన్స్ ఉంటే హెచ్-1బీ వాళ్ళు కూడా కొనొచ్చు కదా అన్నా? వాట్సాప్ గ్రూపుల్ల అందరు గదే చెప్తున్నరు.

ప్లానో_పంతులు:
ఆ మినహాయింపు చట్టంలో ఉంది తమ్ముడూ, నిజమే. అయితే టెక్సాస్ హంటింగ్ లైసెన్స్ ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. కొత్తది తీసుకోవడం మర్చిపోతే సెప్టెంబరు 1 తెల్లారేసరికి ఇంట్లో ఉన్న తుపాకీయే నేరం. శిక్ష 15 ఏళ్ళ దాకా ఉండొచ్చు. చాలా దుకాణాలు ఈ మినహాయింపు మీద అమ్మడానికి ముందుకి రావు కూడా. గ్రీన్ కార్డ్ దాకా ఆగమనే నా మాట. గ్రీన్ కార్డ్ ఉన్న అన్న కొని హెచ్-1బీ తమ్ముడికి ఇవ్వడం మరీ ప్రమాదం, అన్నకీ తమ్ముడికీ ఇద్దరికీ కేసే.

కొనే రోజు దుకాణంలో నింపే ఫెడరల్ ఫారం 4473లో గ్రీన్ కార్డ్ మీదున్న ఏ-నంబరు రాయాలి. పేరు గ్రీన్ కార్డ్ మీద ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే మీ నేపథ్యం మీద ఎఫ్‌బీఐ చేసే తనిఖీ ఆలస్యం కావచ్చు. డ్రైవింగ్ లైసెన్స్ మీద పాత అపార్ట్‌మెంట్ చిరునామా ఉంటే కౌంటర్ దగ్గరే పని ఆగుతుంది. ఎఫ్‌బీఐ తనిఖీలో "డిలే" వస్తే మూడు పనిదినాల తర్వాత అమ్మొచ్చు, కానీ అమ్మి తీరాలని లేదు. గంజాయి వాడతారా అన్న ప్రశ్న కూడా ఉంది. కొలరాడోలో చట్టబద్ధమే కదా అన్న జవాబు ఆ ఫారంలో చెల్లదు.

గోదారోడు_డల్లాస్:
స్కూల్ జోన్, ఎయిర్‌పోర్టు, 237వ సెక్షన్ మూడూ కలిపి చూస్తే గ్రీన్ కార్డ్ మీద ఉన్నవాళ్ళ వరకు నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను. పౌరసత్వం వచ్చినవాళ్ళకి అది ఎవరిష్టం వాళ్ళదే అంటాను. ఎల్‌టీసీ ఉంటే ప్రతి కొనుగోలుకీ ఎఫ్‌బీఐ తనిఖీ కోసం ఆగక్కర్లేదన్నది కూడా నిజమే కదా?

ప్లానో_పంతులు:
నిజమే, ఫారం మాత్రం నింపాలి.  గత ఐదేళ్ళలో తాగి నడిపిన కేసులో శిక్ష పడి ఉంటే ఎల్‌టీసీ రాదు.

చివరగా, హైదరాబాద్ వెళ్ళేవాళ్ళకి. రేంజ్‌కి తీసుకెళ్ళే సంచీని ఎప్పుడూ ప్రయాణానికి వాడొద్దు. పక్క జేబులో మిగిలిన ఒకే ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనబడితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలియక ఉండిపోయిందని కోర్టులో తేలితే కొట్టేయొచ్చు గానీ, ఈలోపు పాస్‌పోర్టు, తిరుగు టికెట్, ఉద్యోగం అన్నీ చిక్కులో పడతాయి. రేంజ్ సంచీ వేరే రంగుది కొని గరాజ్‌లోనే ఉంచండి.