ఐర్లాండ్, ఇటలీ ప్రజల మధ్య పాత సంబంధాలు

ప్రశ్న: ఐరిష్, ఇటాలియన్ ప్రజల సంబంధాల ప్రస్తావన రాగానే అమెరికాకు వలస వెళ్లిన ఈ ఇరువర్గాల గురించే ఎక్కువగా చెబుతారు. అంతకు ముందు, యూరప్‌లోనే, వీరికి నేరుగా పరిచయం ఉండేదా?

మొదటి జవాబు: ఉండేది, అదీ చాలా పాతది. ఐరిష్ సన్యాసి కొలంబానస్ యూరప్‌లో అనేక చోట్ల తిరిగి, అప్పట్లో ఉత్తర ఇటలీని ఏలుతున్న లంబార్డ్ జాతి రాజు అగిలుల్ఫ్ ఆదరణతో 614లో ఉత్తర ఇటలీలోని బొబ్బియోలో మఠాన్ని స్థాపించి, మరుసటి ఏడు అక్కడే కన్నుమూశారు; ఆ మఠపు గ్రంథాలయం మధ్యయుగంలో ఎంతో పేరు పొందింది. వెయ్యేళ్ల తర్వాత, 1607లో ఐర్లాండ్ విడిచి వెళ్లిన ఉత్తర ప్రాంతమైన అల్‌స్టర్ ప్రభువు హ్యూ ఓనీల్ కూడా 1616లో రోమ్‌లోనే మరణించారు.

రెండవ జవాబు: మతమొక్కటే కాదు, వ్యాపారమూ ఉంది. ఇటలీలో పుట్టిన చార్లెస్ బియాంకోని 1815లో క్లోన్‌మెల్, కాహిర్ పట్టణాల మధ్య గుర్రపు బండి సర్వీసు ప్రారంభించి, రైళ్లు రాకముందే ఐర్లాండ్‌లో సామాన్యులకు ప్రయాణాన్ని అందుబాటులోకి తెచ్చారు. రేడియో మార్గదర్శి మార్కోనీ తల్లి ఐరిష్ మహిళే.

మూడవ జవాబు: అంతా స్నేహమే అనుకోకూడదు. 1860లో ఇటలీ ఏకీకరణ సాగుతుండగా, పోప్ రాజ్యాన్ని కాపాడటానికి ఐరిష్ వాలంటీర్లు వెళ్లి ఆ ఏకీకరణకు నాయకత్వం వహించిన ఉత్తర ఇటలీ రాజ్యం పీడ్‌మాంట్ సైన్యంతో పోరాడారు. బ్రిటిష్ పాలనలో ఉన్న ఐరిష్ జాతి మరో జాతి ఏకీకరణకు ఎదురు నిలవడం విచిత్రంగా కనిపించవచ్చు గానీ, వారికి మత విధేయతే ముఖ్యమైందని నా అభిప్రాయం.