ఓటీపీ అమ్మ ఫోన్‌కా, కొడుకు ఫోన్‌కా?

రాజోలు కుర్రాడు (హైదరాబాద్ నుంచి): నెట్ సెంటర్ బాబాయ్ నిన్న ఈ గ్రూపులో "ప్రభుత్వ వాట్సాప్ సేవలు గోదావరి లంకల్లో పెద్దాళ్లకు పనికిరావు" అని రాశారు. ఎందుకు పనికిరావండీ? 2025 జనవరి 30న ఏపీ ప్రభుత్వం వాట్సాప్ వాళ్ల కంపెనీ మెటాతో కలిసి ఈ మన మిత్ర సేవ మొదలుపెట్టిన రోజే 161 సేవలు ఇచ్చింది. మా అమ్మ ఊళ్లోనే ఉంటుంది. కరెంటు బిల్లు, అన్నవరం టికెట్టు అన్నీ ఇక్కడినుంచే చూసుకుంటున్నాను. ఇవే పనులకు మీ కొట్లో 50 రూపాయలు తీసుకుంటారు. అందుకే మీకు నచ్చలేదు.

నెట్ సెంటర్ బాబాయ్: 50 కాదు, 20. ప్రింటు కావాలంటే ఇంకో 10.

రాజోలు కుర్రాడు: మా అమ్మ దగ్గర 50 తీసుకున్నారు.

నెట్ సెంటర్ బాబాయ్: అందులో జిరాక్సులు లేవా?

ఒలుపు కూలీ కొడుకు: జిరాక్సుల గొడవ తర్వాత. మా నాన్న ముప్పై ఏళ్లు కొబ్బరికాయలు ఒలిచాడు, వేళ్లు నున్నగా అరిగిపోయాయి. ఒకటో తారీఖున 4000 పింఛనుకి సచివాలయం అమ్మాయి గుమ్మంలో నిలబడి వేలు తడిగుడ్డతో తుడిచి నొక్కిస్తుంది, పడదు. చివరికి ముఖం ఫొటో తీస్తుంది. కదలకు అంటే ఆయన ఊపిరి కూడా బిగబడతాడు. ఆ అమ్మాయి లేకపోతే ఏ యాప్ ఏం చేస్తుంది?

మోరి పక్క ఊరు: 2016లో మోరిని స్మార్ట్ విలేజ్ అన్నారు. ప్రభుత్వ ఇంటర్నెట్ ఫైబర్‌నెట్ వచ్చింది, అమెరికా బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లూ చేయి కలిపారు. తీగ లాగడానికి మనుషులు దొరుకుతారు, పక్కన కూర్చుని నేర్పడానికే దొరకరు.

రాజోలు కుర్రాడు: నేర్పలేదని ఎవరన్నారు? పల్లెవాళ్లకు కంప్యూటర్, ఫోన్ వాడకం నేర్పడానికి పీఎంజీదిశ అని కేంద్రం పథకమే పెట్టింది. 2017లో మొదలై 2024 దాకా నడిచింది, 6 కోట్ల ఇళ్లు లక్ష్యం, 20 గంటల శిక్షణ. నేర్చుకోని వాళ్లది తప్పు.

సచివాలయం డిజిటల్ అసిస్టెంట్: ఆ పథకంలో ఇంటికి ఒక్కరికే చోటుండేది, వయసు 14 నుంచి 60 లోపు. మీ అమ్మగారి వయసెంతండీ?

రాజోలు కుర్రాడు: 67. అయినా అది వేరే విషయం.

నెట్ సెంటర్ బాబాయ్: వేరే విషయం కాదు. పేరు రాయను గానీ, మీ అమ్మగారు మొన్న మా కొట్టుకి వచ్చారు. ఆధార్‌కి మీ నంబరు ఉంది. ఓటీపీ మీకు వెళ్లింది. మీరు మీటింగ్‌లో ఉన్నారు. ముప్పావుగంట ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉత్తచేతులతో వెళ్లారు. 161 సేవలు మీకొచ్చాయి, ఆవిడకు ఒక్కటి రాలేదు.

రాజోలు కుర్రాడు: మా ఇంటి సంగతి ఇక్కడ రాయడానికి మీరెవరు? నా నంబరు ఎందుకు పెట్టానో తెలుసా? కిందటేడు బ్యాంకు నుంచి అని ఎవడో ఫోన్ చేస్తే ఓటీపీ చెప్పేసింది. 38,000 పోయాయి. కొబ్బరి దింపు డబ్బులు. మళ్లీ ఆవిడ చేతికి ఎలా ఇమ్మంటారు?

ఒలుపు కూలీ కొడుకు: అంటే చేతకాక కాదు, మీకు నమ్మకం లేక.

కోనసీమ కోడలు: మా ఇంట్లోనూ ఇంతే. ఫోన్ నాదే, నంబరు మాత్రం మా ఆయనది. డ్వాక్రా మీటింగులో అడిగితే సగం మంది చేతులెత్తారు.

సచివాలయం డిజిటల్ అసిస్టెంట్: డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని మేం చెబుతూనే ఉన్నాం. కానీ ఎవరికి చెబుతున్నాం? ఓటీపీ వచ్చే ఫోన్ ఉన్నవాళ్లకి. నంబరు మార్చాలంటే అమ్మగారిని ఆధార్ కేంద్రానికి తీసుకురండి. సైబర్ మోసాల గురించి అక్కడే పది నిమిషాలు నేను కూర్చుని చెబుతాను.

రాజోలు కుర్రాడు: బ్యాంకు నంబరు మాత్రం నాదే ఉంటుంది.

కోనసీమ కోడలు: ఆవిడని అడిగారా?

రాజోలు కుర్రాడు: ఇప్పుడే ఫోన్ చేశాను. నంబరు మార్చుకుంటావా అంటే, బాబాయ్ కొట్టు ఆదివారం తీస్తాడా అని అడిగింది.

నెట్ సెంటర్ బాబాయ్: ఆయ్, తీస్తాను. జిరాక్సులతో కలిపి 30.