అప్‌డేట్: చిన్న ట్రైలర్‌లో చెమ్మ సమస్య తీరింది

సియాటెల్ దగ్గర ఉంటాం. ప్లైవుడ్‌తో సొంతంగా కట్టుకున్న, కారు వెనక తగిలించి లాగే నీటిబొట్టు ఆకారపు టియర్‌డ్రాప్ ట్రైలర్‌లో ఇద్దరం పడుకుంటే, తెల్లారేసరికి గోడలకు నీళ్లు కారుతున్నాయని, గాలి ఆడాలంటే ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. చాలామంది చెప్పినట్టే పైకప్పుకు 14 అంగుళాల చదరపు వెంట్ (గాలి పోయే కిటికీ), దానికి 12 వోల్టుల ఫ్యాన్ పెట్టాం. నీళ్లు కారకుండా చుట్టూ బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు పట్టీ) వేశాం.

కానీ అసలు తేడా తెచ్చింది ఫ్యాన్ కాదు, కింద పెట్టిన రంధ్రం. గాలి బయటికి పోవాలంటే లోపలికి వచ్చే దారి ఉండాలి కదా! తలుపులు బిగించి ఫ్యాన్ వేస్తే శబ్దమే తప్ప లాభం లేదు. అందుకే వెంట్‌కు దూరంగా ట్రైలర్ రెండో చివర, నేలకు దగ్గరగా, దోమల జాలీతో చిన్న దారి తెరిచాం. ఇప్పుడు చల్లగాలి కింద నుంచి వచ్చి, మన ఊపిరిలోని తేమను పట్టుకుని పైనుంచి పోతుంది. అతి తక్కువ స్పీడు చాలు, బ్యాటరీ గురించి టెన్షన్ లేదు.

మా వాషింగ్టన్ రాష్ట్రంలోని హో రెయిన్‌ ఫారెస్ట్‌లో రాత్రంతా వాన. వెంట్‌ మీద కవర్ ఉండటంతో తెరిచే పడుకున్నాం. గోడలు పొడిగా ఉన్నాయి! పరుపు అడుగు మాత్రం ఇంకా చెమ్మగానే ఉంది, దాని కింద చెక్క పట్టీలు వేయబోతున్నాం.

చలికి లోపల ప్రొపేన్ స్టవ్ వెలిగించొచ్చా అని ఒకరు అడిగారు. దయచేసి వద్దు. అది మండితే నీటి ఆవిరి పెరుగుతుంది, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలే తీస్తుంది. వెంట్ ఉన్నా సరే, ఆ విషవాయువును పసిగట్టే అలారం కూడా మేం బిగించాం.