పెద్ద లాప్ కుందేలు ఇల్లంతా తిరుగుతూ పెరగాలా, అసలు ఆ జాతినే పెంచకూడదా?

గడ్డిమోపు:
రెండు ప్రశ్నలు. ఒకటి, 5–6 కిలోల లాప్ (వాలు చెవుల) కుందేలు పంజరం లేకుండా ఇంట్లో మనతో పాటు తిరుగుతూ పెరగగలదా? రెండు, చెవులు వాలిపోయేలా మనిషి తయారుచేసిన జాతిని ముద్దు కోసం పెంచడం న్యాయమా? 2 కిలోలు కూడా తూగని హాలండ్ లాప్ సంగతి కాదు, ఫ్రెంచ్ లాప్, ఇంగ్లిష్ లాప్ లాంటి బరువైన వాటి సంగతి. "కుక్కపిల్లలా ఒళ్లో పడుకుంటుంది" అని ఒకరంటారు, "బతికినంతకాలం చెవిపోటే" అని ఇంకొకరు. "చాలా ముద్దుగా ఉంటాయండీ" అన్న జవాబు మాత్రం వద్దు. కొలతలతో, కారణాలతో చెప్పండి.

వాలుచెవి:
నిక్షేపంగా పెరుగుతుంది. పైగా ఇంటికి తగినవి పెద్ద జాతులే. చిన్న జాతుల్లో బెదురు, గెంతులు ఎక్కువ. ఫ్రెంచ్ లాప్ నిదానమైన జీవి, రోజులో ఎక్కువసేపు కాళ్లు చాపుకుని పడుకునే ఉంటుంది. హడావిడంతా తెల్లవారుజామున, సాయంత్రం పూట. దగ్గరితనం చూపించడంలో కూడా లోటు చేయదు. ముక్కుతో కాలిని పొడుస్తుంది, నిమరమని తల నేలకు ఆనిస్తుంది, నిమురుతుంటే పళ్లు మెల్లగా టకటకలాడిస్తుంది, గడ్డం రుద్దుతుంది. మనం నేల మీద కూర్చుంటే పక్కకొచ్చి దభీమని ఒరిగిపోతుంది. కొత్తగా చూసినవాళ్లు మూర్ఛ వచ్చిందనుకుంటారు. అది నిశ్చింత.

మూడుకాళ్లు:
గడ్డం రుద్దడం ప్రేమ కాదండీ. గడ్డం కింద వాసన గ్రంథులుంటాయి, "ఇది నాది" అని ముద్ర వేస్తోందన్నమాట. సోఫా కాలికీ మీ కాలికీ ఒకటే మర్యాద. మిగతావి ఒప్పుకుంటాను.

ఒళ్లో కూర్చోబెట్టుకునే మాట మాత్రం మానేయండి. కుందేలు వేటకు చిక్కే జంతువు, నేల వదిలిందంటే ప్రాణం పోతుందనుకుంటుంది. వెనక కాళ్లలో బలం ఎక్కువ, అస్థిపంజరం తేలిక. గాల్లో గట్టిగా తన్నుకుందంటే నడుము దగ్గర దాని వెన్నెముక అదే విరుగుతుంది. 6 కిలోల జంతువు తన్నులో ఎంత బలముంటుందో ఊహించుకోండి. ఎత్తక తప్పకపోతే ఒక చేయి రొమ్ము కింద, రెండో చేయి పిరుదుల కింద పెట్టి, ఒంటికి ఆనించి పట్టుకోవాలి. దించేటప్పుడు ముందు వెనక కాళ్లు నేలకు తగలాలి. చెవులు పట్టి ఎత్తడం గురించి చెప్పనక్కర్లేదు. ఇక వెల్లకిలా పడుకోబెడితే "నిద్రపోయింది" అని వీడియోలు పెడుతుంటారు. అది నిద్ర కాదు, భయంతో బిగుసుకుపోవడం.

చెవిమడత:
మీరిద్దరూ రెండో ప్రశ్నను దాటేశారు. నిలువు చెవి కుందేలుకు చెవి మార్గం గరాటులా పైకి తెరుచుకుని ఉంటుంది, గులిమి దానంతట అదే పైకొచ్చి రాలిపోతుంది. లాప్‌లో చెవి మొదట్లో రెండు మృదులాస్థుల మధ్య ఖాళీ ఉంటుంది, చెవి అక్కడే మడత పడి వేలాడుతుంది. ఆ మడత దగ్గర మార్గం ఇరుకైపోతుంది. గులిమి కిందే నిలిచి గట్టిపడుతుంది, పక్కనున్న బలహీనమైన గోడను తోసి సంచిలా ఉబ్బుతుంది. ఆ సంచిలో చీము చేరుతుంది. కుందేలు చీము నీళ్లలా కారదు, టూత్‌పేస్టులా చిక్కగా ఉంటుంది కాబట్టి బయటికి వచ్చే దారే లేదు. చివరికి కర్ణభేరి దాటి మధ్యచెవికి చేరుతుంది. ఇదంతా జరుగుతున్నా కుందేలు నొప్పిని దాచుకుంటుంది. "నిదానమైన జీవి" అని పైన మెచ్చుకున్నారే, ఆ నిదానంలో చెవినొప్పి వాటా ఎంతో ఎవరైనా చూశారా?

2019లో బ్రిటన్‌లో ఒక ఆశ్రయ కేంద్రంలోని 15 లాప్‌లను, 15 నిలువు చెవుల కుందేళ్లను పోల్చారు. లాప్‌లలో చెవి మార్గం ఇరుకు, గులిమి, చెవి తాకితే నొప్పి, వాటితో పాటు పళ్ల సమస్యలు కూడా ఎక్కువగా కనిపించాయి.

మూడుకాళ్లు:
ముప్పై కుందేళ్లతో జాతికే తీర్పు చెప్తే ఎలా? అదీ ఆశ్రయానికి వచ్చినవి, అంతకుముందు ఏం తిన్నాయో ఎవరికీ తెలియదు. 2024లో అదే బ్రిటన్‌లో 1.6 లక్షలకు పైగా పెంపుడు కుందేళ్ల వైద్య రికార్డులు తిరగేస్తే, చెవులు వాలినందువల్ల పళ్ల జబ్బు ముప్పు పెరిగినట్టు తేలలేదు. పళ్ల విషయంలో ఆకారం కంటే మేత ముఖ్యం. ముందు పళ్లు వారానికి దాదాపు 2 మి.మీ. పెరుగుతాయి, దవడ పళ్లు కూడా ఆగకుండా పెరుగుతూనే ఉంటాయి. గంటల తరబడి ఎండుగడ్డి నమిలితేనే అవి అరుగుతాయి.

చెవిమడత:
పళ్ల సంగతి వెనక్కి తీసుకుంటాను. ఆ రెండో లెక్క నా మొదటి లెక్క కంటే బలమైనది, ఒప్పుకోవాల్సిందే. కానీ అది పళ్ల గురించి. చెవి మార్గం మడత పడటం గణాంకం కాదు, నిర్మాణం. పైగా వైద్య రికార్డులో ఉండేది డాక్టర్ చూసి రాసినదే. లాప్ చెవిని లోపలిదాకా చూడకపోతే జబ్బు రికార్డుకే ఎక్కదు.

కిటికీపక్క:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఆ గులిమిని ఇయర్ బడ్‌తో తీసేయొచ్చా?

చెవిమడత:
ససేమిరా. బడ్ గులిమిని ఇంకా లోపలికి దట్టిస్తుంది. కర్ణభేరి చిల్లు పడి ఉంటే పైనుంచి పోసే చెవి మందులు కొన్ని లోపలి చెవిని పాడుచేస్తాయి, తల ఒక పక్కకు వాలిపోతుంది. కాబట్టి కర్ణభేరి బాగుందో లేదో డాక్టర్ చూశాకే శుభ్రం చేయడం.

ఇంట్లో చేయాల్సింది వారానికోసారి తడిమి చూడటం. చెవి తలకు అతుక్కునే చోటును బొటనవేలు, చూపుడువేలు మధ్య మెత్తగా పట్టుకుని కిందినుంచి పైకి జరపండి. రెండు వైపులా పోల్చండి. ఒక వైపు మెత్తటి ఉబ్బు, తాకగానే తల లాక్కోవడం, పుల్లటి వాసన, తెల్లటి ముద్ద... వీటిలో ఏది కనిపించినా ఆ వారంలోనే చూపించాలి. తల విదిలించడం, వెనక కాలితో చెవి దగ్గర గోక్కోవడం, గడ్డి మానేసి మెత్తటివే తినడం కూడా గుర్తులే. చెవి, దవడ కీలు పక్కపక్కనే ఉంటాయి, నమిలితే నొప్పి. ఏ గుర్తూ లేకపోయినా ఆరు నెలలకోసారి లోపలికి దీపం వేసి చూడగల డాక్టర్‌కు చూపించండి. మధ్యచెవిలో చీము ఎక్స్‌రేకి చాలాసార్లు చిక్కదు, సీటీ స్కాన్‌లో తెలుస్తుంది.

వాలుచెవి:
ఇంత జాగ్రత్త తీసుకునేవాళ్లకు ఫ్రెంచ్ లాప్ భారం కాదు. నేను గీత గీసేది ఇంగ్లిష్ లాప్ దగ్గర. అమెరికా ప్రదర్శనల ప్రమాణం ప్రకారం ఒక చెవి కొస నుంచి రెండో చెవి కొస దాకా కనీసం 21 అంగుళాలు, అంటే సుమారు 53 సెం.మీ. ఉండాలి. 2003లో కాన్సాస్ రాష్ట్రంలో ఒక ప్రదర్శనలో కొలిచిన రికార్డు 79 సెం.మీ. నడుస్తూ తన చెవి తానే తొక్కుకుంటుంది, గోరు తగిలి చీరుకుంటుంది, నీళ్ల గిన్నెలో ముంచుకుంటుంది. చెవి కొలిచి బహుమతి ఇవ్వడం మొదలయ్యాక కుందేలు సుఖం ఎవరికి పట్టింది? ఈ జాతిని పెంచుతున్నవాళ్లు గోళ్లు నాలుగు వారాలకోసారైనా తీయాలి, నీళ్లు బరువైన, మూతి చిన్నగా ఉన్న గిన్నెలో పెట్టాలి.

మూడుకాళ్లు:
ఫ్రెంచ్ లాప్ కూడా ఇంగ్లిష్ లాప్ రక్తమేనండీ, 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో పెద్ద జాతులతో కలిపి తీసినదే. మీ గీత మీకు అనుకూలంగా ఉన్నచోట పడినట్టుంది.

వాలుచెవి:
మీ పేరు నాకు పెట్టాల్సింది.

చాపకిందనీరు:
చెవుల దగ్గరే ఆగిపోయారు. బరువైన లాప్‌ను ఇంట్లో ముందు పాడుచేసేది నేల. కుందేలు అరికాలికి కుక్కకున్నట్టు మెత్తలుండవు, ఉన్నది బొచ్చే. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారిపోతాయి, జారకుండా బిగబట్టి నడిచి నడిచి మడమ మీద బొచ్చు ఊడుతుంది. 6 కిలోల బరువు అక్కడే మోపుతుంది కాబట్టి చర్మం ఎర్రబడి, పగిలి, పుండవుతుంది. ఎముకదాకా పోతే మానడం చాలా కష్టం. తీగల నేల పంజరం ఇంకా ఘోరం. పొట్టి నూలు ఉన్న, అడుగున రబ్బరు పట్టు ఉన్న చాపలను ఒకదానికొకటి ఆనించి, అది తిరిగే దారంతా పరవండి. మధ్యలో జానెడు టైల్ వదిలినా అక్కడే ఆగిపోతుంది, "మొండిది" అని మనం తిట్టుకుంటాం. పొడవు దారాల కార్పెట్ వద్దు, గోళ్లు చిక్కుకుంటాయి, దారాలు మింగేస్తుంది.

లిట్టర్ బాక్స్ విషయంలో అందరూ చేసే తప్పు పిల్లులది కొనడం. అందులో ఇది సగమే పడుతుంది, రెండో సగం బయట కార్యక్రమం కానిస్తుంది. మంచం కింద పెట్టుకునే ప్లాస్టిక్ పెట్టె, కనీసం 60×45 సెం.మీ., తీసుకోండి. గోడలు 20–25 సెం.మీ. ఎత్తున్నా ముందు గోడను 10 సెం.మీ.కి కోసి అంచు నునుపు చేయండి. తోక ఎత్తి పోసేవి ఉంటాయి, అందుకే వెనక గోడ ఎత్తు తగ్గించొద్దు. అడుగున కాగితపు గుళికలు 2–3 సెం.మీ. మందాన పరిచి, ఒక చివర గడ్డి నింపండి. కుందేలు తింటూనే పెంటికలు వేస్తుంది, ఆ అలవాటే మనకు ఉపకారం. తడికి గడ్డకట్టే పిల్లుల ఇసుక వాడితే అది మింగి పేగులో అడ్డుపడుతుంది. తెల్లటి మూత్రపు చారలు వెనిగర్‌తో పోతాయి.

వైర్లు: సాగే ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి గోడకు బిగించాలి. వెనక కాళ్ల మీద నిలబడితే సోఫా సీటు మీదున్న ఛార్జర్ దానికి సులువుగా అందుతుంది.

ఇక "ఇల్లంతా స్వేచ్ఛ" అనే దానితో నేను ఏకీభవించను. మనం నిద్రపోయేటప్పుడు, బయటికెళ్లినప్పుడు కంచె వేసిన స్థలం ఉండాల్సిందే. మామూలు సైజు జంటకు బ్రిటన్ సంక్షేమ సంస్థలు చెప్పే కనీస కొలత 3×2 మీటర్లు, ఎత్తు 1 మీటరు. పెద్ద లాప్‌కు అంతకంటే ఎక్కువే ఇవ్వాలి. అంత చోటు లేని ఇంట్లో ఈ జాతి వద్దు.

వాలుచెవి:
వైర్లు సర్దిన ఒక గది మొత్తం ఇస్తే కంచె ఎందుకు? గది తలుపే కంచె.

చాపకిందనీరు:
సరే, గది అయితే అభ్యంతరం లేదు. గదిలో 28 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. వాటికి చెమట పట్టదు, వేడి పోయేది ఎక్కువగా చెవుల గుండానే. ముక్కుపుటాలు వేగంగా కొట్టుకుంటూ, మూతి చుట్టూ తడి కనిపిస్తే వడదెబ్బ మొదలైనట్టే. చెవులను చల్లటి నీళ్లతో తడిపి వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. ఐసు నీళ్లు వద్దు.

కిటికీపక్క:
మేత ఎంత పెట్టాలి? ప్యాకెట్ మీద కిలో బరువుకు 25 గ్రాముల గుళికలు అని ఉంది. 6 కిలోలకు 150 గ్రాములు సరేనా?

మూడుకాళ్లు:
అది గరిష్ఠం, గురి కాదు. ఎదిగిన, ఇంట్లో కూర్చునే పెద్ద లాప్‌కు అందులో సగంతో మొదలుపెట్టి వారంవారం తూకం వేసి సర్దుకోండి. రోజూ దాని ఒంటి సైజు మోపెడు ఎండుగడ్డి పెట్టాలి, అదే మొత్తం మేతలో 80 శాతం పైన ఉండాలి. నీళ్లు కిలోకు 50 నుంచి 150 మి.లీ. దాకా తాగుతుంది, అంటే 6 కిలోలది లీటరుకు దగ్గరగా వెళ్లొచ్చు. బొట్టుబొట్టుగా కారే సీసా చాలదు, గిన్నె పెట్టండి.

లావెక్కితే ఏమవుతుందో కూడా చెప్పాలి. కుందేలు తన మెత్తటి పెంటికలను నేరుగా పిరుదుల దగ్గరే నోటితో అందుకుని తింటుంది, దానికి కావలసిన విటమిన్లు అందులో ఉంటాయి. పొట్ట, గంగడోలు అడ్డొస్తే నోరు అందదు. అవి వెనక బొచ్చుకు అంటుకుంటాయి, ఈగ వాలి గుడ్లు పెడుతుంది, ఒక్కరోజులోనే పురుగులు బతికున్న మాంసం తొలవడం మొదలెడతాయి. అందుకే వేడి రోజుల్లో ఉదయం, సాయంత్రం వెనక భాగం చూడాలి.

అసలు తినడం మానేసి, పెంటికలు ఆగి 10–12 గంటలైతే తెల్లారేదాకా ఆగొద్దు, అది అత్యవసరం. ఇంకో రెండు మాటలు: కుక్కల గోమార్ల మందు ఫిప్రోనిల్ కుందేలును చంపేస్తుంది. అమాక్సిసిలిన్ నోటి ద్వారా పడితే పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి కుందేలూ చస్తుంది. మనిషి మందుల డబ్బాలోంచి ఏదీ తీయొద్దు.

చెవిమడత:
ఆడదైతే గర్భసంచి తీయించడం కూడా చేర్చండి. నాలుగేళ్లు దాటిన ఆడ కుందేళ్లలో గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువ. పెద్ద జాతులు ఆలస్యంగా ఎదుగుతాయి కాబట్టి ఆరు నెలలు దాటాక డాక్టర్ తూకం, ఎదుగుదల చూసి చెప్తారు. ఆపరేషన్‌కు ముందు పస్తు పెట్టకూడదు, కుందేలు వాంతి చేసుకోలేదు, పేగు ఆగితే అదే ప్రమాదం. మగదానికి చేయించినా నాలుగు నుంచి ఆరు వారాలు ఆడదానికి దూరంగా ఉంచాలి, అప్పటిదాకా పిల్లలు పుట్టే వీలుంది.

గడ్డిమోపు:
నాకు అర్థమైంది ఇది: ఒళ్లో కాదు పక్కన, నున్నటి నేల మీద కాదు చాప మీద, పిల్లల కోసం జత కట్టించేవాళ్ల దగ్గర కాదు ఆశ్రయ కేంద్రంలో. చివరిదానికి వాలుచెవి గారు ఒప్పుకోరని తెలుసు. తెచ్చే ముందు అక్కడ ఏం చూడాలి?

వాలుచెవి:
ఒప్పుకోను. తల్లిదండ్రుల చెవులు పరీక్షించి, మార్గం వెడల్పుగా ఉన్నవాటినే కలిపేవాళ్లు ఉంటే జాతి బాగుపడుతుంది, అందరూ మానేస్తే కాదు.

చెవిమడత:
అలా కలిపేవాళ్లు దొరికిన రోజు మళ్లీ వాదించుకుందాం. గడ్డిమోపు గారూ, చెవి మొదలు రెండు వైపులా తడమండి, మడమలు తిప్పి చూడండి, వెనక బొచ్చు శుభ్రంగా ఉందో చూడండి. ముందరి పాదాల లోపలి వైపు బొచ్చు తడిసి అట్టలు కట్టి ఉంటే కన్నో ముక్కో కారుతోందని, దాంతోనే తుడుచుకుంటోందని అర్థం. తర్వాత పిడికెడు ఎండుగడ్డి, నాలుగు గుళికలు ఒకేసారి ముందు పెట్టి పది నిమిషాలు నిలబడండి. గుళికలు ముందు తినడం సహజం. అవి అయ్యాక గడ్డి నోట్లో పెట్టుకుని నమలకుండా వదిలేస్తుంటే మాత్రం, దవడ పళ్లు చూపించిన తర్వాతే సంతకం పెట్టండి.