కొండ కింది పొలంలో ఊట ఆగట్లేదు, అడ్డుకాలువ (ఊట నీళ్లని దారిలోనే పట్టి పక్కకి మళ్లించే కాలువ) ఎక్కడ తవ్వాలి?

మా పొలం అడవి కొండకి ఆనుకుని దిగువన ఉంది. పైభాగమంతా గులకరాళ్లు, ఇసుక. కొండ మీంచి దిగే వాగు అక్కడికి రాగానే నేలలోకి ఇంకిపోతుంది. కిందిభాగం బంకమట్టి. సమస్యంతా ఈ రెండూ కలిసే చోటే. గట్టి వాన పడ్డ మూడు నాలుగు రోజులకి, ఎండ కాస్తున్నా సరే, గట్టు అడుగు నుంచి నీళ్లు ఊరడం మొదలై రెండు వారాలదాకా ఆగవు. నీళ్లు తేటగా ఉంటాయి, కాబట్టి ఇది పైనుంచి పారిన వరద కాదు, రాళ్ల పొరలో నడిచి వచ్చి బంకమట్టి అడ్డు తగిలాక పైకి తేలుతున్నవే అనుకుంటున్నాను. పైరు వేర్లు కుళ్లిపోతున్నాయి, చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

గట్టు ఎత్తు పెంచాను, లాభం లేదు. ఊటకి దిగువన రెండడుగుల లోతు కాలువ తీస్తే పైన నిలిచిన నీళ్లు పోయాయి కానీ నేల ఆరలేదు. వాలు తెలుసుకుందామని ప్రతి 30 మీటర్లకి ఒక చోట ఎత్తు చెప్పే ఉపగ్రహ డేటా తీశాను, అది చెట్ల ఎత్తుని కూడా నేలలో కలిపేస్తుంది, అడవి అంచున అస్సలు పనికిరాదు. గుంతలు తీసి చూస్తే ఊట దగ్గర నాలుగడుగుల లోపే బంకమట్టి తగిలింది, కొండవైపు పోయేకొద్దీ ఇంకా లోతుకి పోతోంది.

ఇలాంటి నేలల్లో పని చేసినవాళ్లు చెప్పండి: అడ్డుకాలువని ఊట వచ్చే చోటికి కాస్త ఎగువన, బంకమట్టి తగిలేదాకా తవ్వాలా, లేక కొండ వాలు తగ్గే చోటే తవ్వాలా?